ఏళుమలై చేతికివ్వని కాగితం

కోయంబత్తూరు,
20 జూలై 1997

అవ్వకు శరణ్య నమస్కారాలు.

హాస్టల్లో చేరి నెల దాటినా ఒక్క జాబే రాశానని నువ్వు నాన్నతో అన్నట్టు తెలిసింది. నిజమే. ఈ రెండోది కూడా పనిబడి రాస్తున్నానని ముందే ఒప్పుకుంటున్నాను. ఎలాగూ రెండో వాక్యానికే కనిపెట్టేస్తావు.

ఎం.ఎడ్.కి మేమొక పరిశోధన చేసి పుస్తకంగా ఇవ్వాలి. పనిచేసే చోట తమ ఎదుగుదలకు దొరికే తోడ్పాటు గురించి టీచర్లు ఏమనుకుంటున్నారన్నది నా అంశం. శిక్షణకు పంపుతారా, పై చదువుకు సెలవిస్తారా, కొత్త పద్ధతి ఏదైనా ప్రయత్నిస్తే వెన్ను తడతారా, మొట్టికాయ వేస్తారా అని. ఇదే ఎందుకు ఎంచుకున్నానో నీకు తెలుసు. అంబత్తూరులో మా హెడ్‌మాస్టరు కోదండరాం సార్ నా సెలవు కాగితం మీద సంతకానికి మూడు నెలలు తిప్పాడు. చివరికి పెడుతూ, "చదివేసి వొస్తే ఏమ్మా, రెండు కొమ్ములు మొలుస్తాయా? ఆరో క్లాసు ఆరో క్లాసే గదా?" అన్నాడు. ఆ కొమ్ములు ఇప్పుడిప్పుడే దురద పెడుతున్నాయి.

ఇందులో పాతిక ఫారాలు పెట్టాను. సౌకార్‌పేటలో నువ్వు పదహారేళ్లు పెద్ద టీచరుగా ఉన్న తెలుగు బడిలో వీటిని నింపించాలి. నువ్వు దిగిపోయి పదమూడేళ్లయినా ఆడ నీ మాటకు తిరుగులేదు కదా. ఇప్పటి హెడ్‌మిస్ట్రెస్ భువనేశ్వరి టీచర్ చేతికిస్తే చాలు. పేర్లు రాయనక్కరలేదు. ఎవరేం రాశారో బయటికి పొక్కదని మొదటి పేజీలోనే మాట ఇచ్చాను.

హాస్టలు సాంబారులో ములక్కాయ ఒకటే, రోజూ అదే ములక్కాయ అని మా అనుమానం.

నీ శరణ్య

*

మాధవరం పాల కాలనీ,
మద్రాసు, కాదు, చెన్నై
27 జూలై 1997

చిరంజీవి శరణ్యకు అవ్వ దీవించి రాసేది. అందరం క్షేమమని వేరే రాయను. కాకపోతే ఈపాటికి నీకు తంతి వచ్చి ఉండేది. ఊరి పేరు మార్చి ఏడాదైనా నా చెయ్యి మారలేదు. డెబ్భై ఒక్క ఏళ్లదాన్ని, ఒక మాట అడిగి మార్చవలసింది.

నీ పని ముగిసింది. భువనేశ్వరి చేతికి ఇవ్వమన్నావు. ఇస్తే ఏమవుతుందో నాకు తెలుసు, దీపావళి దాకా బీరువా మీద నిద్రపోతాయి. అందుకని శుక్రవారం నేనే ఆటో కట్టించుకుని వెళ్లాను. సౌకార్‌పేట మొదట్లోనే ఆటోవాడు "ఇంక బండి దూరదు పాటీ" అని అరవంలో అవ్వను చేసి దింపేస్తే, చీరల మూటల మధ్య నడుచుకుంటూ పోయాను. భువనేశ్వరి కుర్చీ ఖాళీ చేసి ఇచ్చింది. వద్దంటే బాగుండదని కూర్చున్నాను. మధ్యాహ్నం టీచర్లను నలుగురేసి పిలిపించి, ఎదురుగా బల్ల మీద రాయించి, అక్కడికక్కడే వసూలు చేశాను. ఇరవై ఒక్క ఫారాలు గంటన్నరలో అయిపోయాయి. మీ కాలేజీ వాళ్లు జీపు వేసుకుని తిరిగినా ఇంత పని జరగదు.

ఊరికే ఒకసారి తిరగేశాను. ఇరవై ఒక్కరూ ప్రతి ప్రశ్నకూ 'పూర్తిగా అంగీకరిస్తాను' అనే పెట్టారు. నేను ఆశ్చర్యపోలేదు. నువ్వు పెట్టిన ఐదు మెట్లు మాత్రం బాగున్నాయి. పూర్తిగా అంగీకరిస్తాను, అంగీకరిస్తాను, చెప్పలేను, అంగీకరించను, అసలే అంగీకరించను. మూడో మెట్టు మీద మీ నాన్న మోహన్‌రాజ్ ముప్పై ఏళ్లుగా కాపురం చేస్తున్నాడు.

మా కాలంలో ఈ ఫారాలు లేవు. ఒకే ఒక్క పద్ధతి ఉండేది. విద్యాశాఖ నుంచి ఏ కాగితం వచ్చినా ప్యూను ఏళుమలై చేతికిచ్చేదాన్ని. పాపం, పోయి నాలుగేళ్లయింది. వాడు దాన్ని అట్టకు తగిలించి తరగతి తరగతికీ తిరిగేవాడు. ప్రతి టీచరూ చదివి, ఎడమ మూలన 'చూశాను' అని రాసి, సంతకమూ తేదీ వేయాలి. అన్ని సంతకాలూ పడ్డాకే కాగితం నా బల్ల మీదికి తిరిగొచ్చేది. శిక్షణ గానీ, పరీక్ష గానీ, పోటీ గానీ, టీచర్లకు తెలియకుండా మా బడిలో ఒక్క కాగితం కదలలేదు. ఈ ముక్క నీ పుస్తకంలో వేసుకోవచ్చు.

ఫారాలు రిజిస్టర్డ్ పోస్టులో వస్తున్నాయి. ములక్కాయ సంగతి వార్డెనుకు రాతపూర్వకంగా ఇవ్వు.

ఆశీస్సులతో,
అవ్వ చెంగమ్మ

*

కోయంబత్తూరు,
8 ఆగస్టు 1997

అవ్వకు నమస్కారాలు.

ఈ జాబును మూడుసార్లు మొదలుపెట్టి చించాను. కోపం తెచ్చుకోవద్దని రాస్తే ముందే తెచ్చుకుంటావు కాబట్టి అది రాయడం లేదు.

మా గైడు బాలకృష్ణన్ సార్ ఫారాలు చూశారు. "ఇరవై ఒక్క మంది టీచర్లు, ఒక్కరికీ ఒక్క కొరత లేదు. ఇదెన్న, స్కూలా కైలాసమా?" అన్నారు. ఎలా నింపించావని అడిగితే చెప్పేశాను. మా అవ్వ హెడ్‌మిస్ట్రెస్ కుర్చీలో కూర్చుని, ఎదురుగా పెట్టుకుని రాయించిందని. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకునేంత నవ్వారు. తర్వాత, ఇవి చెల్లవమ్మా, మళ్లీ చేయమన్నారు.

నీ మీద నమ్మకం లేక కాదు అవ్వా. నువ్వు ఎదురుగా ఉంటే నేను మాత్రం ఇంకోలా రాస్తానా? పదో క్లాసులో నీ రసం బాగుందా అని అడిగితే ఏం చెప్పేదాన్నో నీకు తెలియదు.

వాళ్ల ఇళ్ల చిరునామాలు పంపుతావా? అదే ఫారాన్ని స్టాంపు అంటించిన కవరుతో నేనే నేరుగా పంపుతాను.

నీ శరణ్య

*

చెన్నై,
14 ఆగస్టు 1997

చిరంజీవి శరణ్యకు అవ్వ దీవించి రాసేది.

నా రసానికేమొచ్చింది? మీ తాత ముప్పై తొమ్మిదేళ్లు తాగి, మరో కారణంతో పోయారు.

మీ సార్ కళ్లజోడు తుడుచుకున్నాక నా బడిని కూడా కొంచెం కనబడేలా చూస్తే బాగుండేది. నేనేం పులినా? నా ఎదురుగా ఉంటే అబద్ధం రాస్తారా? ఆ ఇరవై ఒక్కరిలో తొమ్మిది మంది నా చేతి కింద మొదటి జీతం తీసుకున్నవాళ్లు. ప్రసవాలకు సెలవిచ్చాను, మొగుళ్లు బడి గేటు దాకా వచ్చి గొడవ చేస్తే ఏళుమలైని అడ్డం పెట్టాను. వాళ్లకు నా దగ్గర దాపరికమా?

ఇదిగో చిరునామాలు, వరస నంబర్లతో సహా. పంపుకో. అవే జవాబులు రాకపోతే నా పేరు చెంగమ్మ కాదు. రేపు స్వాతంత్ర్య దినానికి యాభై ఏళ్లట. ఎవరికి ఎంత స్వాతంత్ర్యం వచ్చిందో నీ కవర్లలో తేలుతుంది.

అవ్వ

*

కోయంబత్తూరు,
30 ఆగస్టు 1997

అవ్వకు నమస్కారాలు.

పదిహేడు కవర్లు తిరిగొచ్చాయి! నీ పందెం ప్రకారం పేరొక్కటే కాదు, ఇంటిపేరు దాకా మార్చవలసి వస్తుంది. నవ్వడానికే రాస్తున్నాను. ఒకరేమో, "లైబ్రరీ బీరువా తాళంచెవి పెద్ద టీచర్ కొంగున ఉండేది. పుస్తకం అడగాలంటే ముందు ఆమె కొంగు ఎటు తిరిగిందో చూసుకోవాలి" అని రాశారు. ఇంకొకరు, "అప్పట్లో మా బడిలో శిక్షణ అంటే చీవాట్లే. ఉచితం, ప్రతి సోమవారం" అన్నారు.

ముఖం చిట్లించకు. ఆ చేదు పోవడానికి ఒక జవాబు మొత్తం చేత్తో రాసి పంపుతున్నాను. ఎవరిదో నాకు తెలియదు, తెలిసినా చెప్పకూడదు. అసలు చూపించనే కూడదు. కానీ ఇది నువ్వు చూడకపోతే అన్యాయం.

"ప్రశ్న 17. మీ వృత్తిలో మీకు అందిన అతి విలువైన తోడ్పాటు ఏది?

జవాబు: ఏడాది పాటు సాగే గణిత శిక్షణకు నేను మూడుసార్లు దరఖాస్తు పెట్టుకున్నాను. మూడుసార్లూ ఎంపిక కాలేదు. మూడోసారి మా పెద్ద టీచర్ నన్ను గదిలోకి పిలిచి, తలుపు మూసి, తన ఫ్లాస్కులోని కాఫీ మూతలో పోసిచ్చి, 'లోపం నీలో లేదమ్మా, వాళ్ల కళ్లలో ఉంది' అన్నారు. ఇరవై మూడేళ్లయినా ఆ కాఫీ నాకు గుర్తే. నాకు అందిన తోడ్పాటు అదే.

ప్రశ్న 18. ఇప్పుడు అవకాశం వస్తే వినియోగించుకుంటారా?

జవాబు: వచ్చింది. కొత్త పాఠ్యప్రణాళికలోని లెక్కలను తక్కిన బళ్ల టీచర్లకు నేర్పడానికి జిల్లా ఆఫీసు నా పేరు రాసింది. సెప్టెంబరు 30 లోగా ఒప్పుకోవాలి. వద్దనే చెబుతాను. మూడుసార్లు నేర్చుకోవడానికే పనికిరానిదాన్ని, నేర్పడానికి ఎలా పనికొస్తాను?"

బాలకృష్ణన్ సార్ దీన్ని క్లాసులో చదివి వినిపించారు. పెద్ద టీచరంటే ఇలా ఉండాలన్నారు. ఆ పెద్ద టీచరు మా అవ్వే అని నేను చెప్పగానే నలభై మందీ చప్పట్లు కొట్టారు! నాలుగో అధ్యాయం ఈ కాఫీతోనే మొదలుపెడతాను.

గర్వంతో,
శరణ్య

*

చెన్నై,
6 సెప్టెంబరు 1997

శరణ్యకు,

జాబు అందింది. మీ నాన్నకు జలుబు. కిరసనాయిలు కార్డు మీద ఇంకా వేయలేదు.

ఆ కాఫీ జవాబును నీ పుస్తకంలో వేయవద్దు.

అవ్వ

*

కోయంబత్తూరు,
10 సెప్టెంబరు 1997

అవ్వా,

నువ్వు దీవెన లేకుండా జాబు రాయడం నాకు తెలిసి ఇదే మొదటిసారి. తప్పు నాదే. ఆ బీరువా తాళంచెవి, సోమవారం చీవాట్లు రాయకుండా ఉండవలసింది. నీ మనసు నొచ్చుకుంటుందని ఆలోచించలేదు. అవి రెండూ పుస్తకంలోంచి తీసేస్తాను.

కానీ కాఫీ జవాబు తీయమంటే ఎలా? నిన్ను పొగిడితే సిగ్గుపడతావని తెలుసు. మీ తరం వాళ్లంతా ఇంతే, చేసిన మేలు చెప్పుకోరు. సార్ దాన్ని రాబోయే సెమినారులో కూడా చదువుతానంటున్నారు. ఒప్పుకో అవ్వా. ఇలాంటి ఒక్క పెద్ద టీచరు ఉంటే చాలని కోదండరాం సార్ లాంటివాళ్లకు తెలియాలి.

శరణ్య

*

చెన్నై,
14 సెప్టెంబరు 1997

చిరంజీవి శరణ్యకు అవ్వ దీవించి రాసేది. దీవెన ముందే రాసేశాను. కింద ఉన్నది చదివాక వెనక్కి పంపాలనిపిస్తే పంపు.

తాళంచెవి నా కొంగునే ఉండేది. సోమవారాల సంగతీ నిజమే. వాటిని తీయకు. వాటికి నాకు నొప్పి లేదు.

కాఫీ జవాబు ఎవరిదో నాకు తెలుసు. లెక్కల టీచరు జయంతి. 1967లో ఇరవై రెండేళ్ల పిల్లగా చేరింది. సున్నాకు విలువ ఎక్కడినుంచి వస్తుందో నిమ్మకాయలతో చూపించేది. లెక్కలంటే ఏడ్చే పిల్లలు ఆమె పీరియడు అయిపోతే ఏడ్చేవాళ్లు. నాకు అలా చెప్పడం ఏనాడూ చేతకాలేదు.

మొదటి రెండుసార్లు ఆమె నిజంగానే ఎంపిక కాలేదు. మూడోసారి అయింది.

1974 మే నెలలో ఉత్తరువు వచ్చింది. ఏడాది శిక్షణ, జీతంతో సహా, బెంగుళూరులో. ఆమె బదులు ఇంకొక టీచరును ఇవ్వరట. ముందటేడు ఎస్సెస్సెల్సీలో మా పిల్లలు లెక్కల్లో ఒక్కరూ తప్పలేదు. ఇన్స్పెక్టరు పదిమందిలో నా చెయ్యి పట్టుకుని ఊపాడు. ఆ ఊపు ఇంకా తగ్గలేదు నాకు. ఆమె పోతే ఆ తరగతికి ఎవరు చెబుతారు? పిల్లలు ఏమవుతారు? ఇలా పిల్లలను అడ్డం పెట్టుకున్నాను. పిల్లలంటే ఏళుమలై కంటే పెద్ద అడ్డం కదా.

ఆ కాగితాన్ని ఏళుమలై చేతికి ఇవ్వలేదు. బల్ల సొరుగులో పెట్టి తాళం వేశాను. ఒక్క కాగితం కదలలేదని గొప్పగా రాశాను నీకు. నిజమే, ఆ ఒక్కటి కదలలేదు.

నెల రోజులకు ఆమే వచ్చి, "టీచర్, ఈసారి కూడా రాలేదా?" అని అడిగింది. రాలేదన్నాను. ఆమె కంట నీళ్లు తిరిగాయి. అప్పుడు పోశాను కాఫీ.

సొరుగులోంచి పారేయడానికి నాకు ధైర్యం లేకపోయింది. పదవీ విరమణకు కప్పిన శాలువా కింద, ట్రంకులో, ఇప్పటికీ ఉంది. నలభై మంది చప్పట్లు కొట్టారని రాశావు. ఆ మాట చదివినప్పటినుంచి చెవులు మూసుకున్నా వినిపిస్తున్నాయి. కాఫీ పొడి మీ నాన్న కొని తెస్తూనే ఉన్నాడు, నేను మాత్రం తాగడం మానేశాను. కడుపులో మంట అని చెప్పాను. పూర్తిగా అబద్ధం కాదు.

ముప్పయ్యో తేదీ దగ్గర పడుతోంది. ఆమె వద్దని చెప్పబోయేది తన తెలివిని చూసి కాదు, నా అబద్ధాన్ని నమ్మి. ఆ కాగితం తీసుకెళ్లి ఇద్దామనుకుంటున్నాను.

అవ్వ

*

కోయంబత్తూరు,
17 సెప్టెంబరు 1997

అవ్వా,

నీ జాబు మెస్సులో విప్పాను, చదివి అన్నం వదిలేసి లేచాను. తోచింది తోచినట్టు రాస్తాను.

చదువుతున్నంతసేపూ నాకు కోదండరాం సార్ గొంతే వినిపించింది. ఇలా రాయకూడదు. రాశాను.

ఆయన నయం. ఆయన నా ముందే వద్దన్నాడు. కొట్లాడటానికి నాకు ఒక మనిషి ఎదురుగా ఉన్నాడు. ఆమెకు ఎవరున్నారు?

ఇంకొకటి. నువ్వు వెళ్తే ఆమెకు తెలిసిపోతుంది. ఎవరికీ చూపనని మాట ఇచ్చి, ఆమె రాసింది నీకు చూపాను, క్లాసులో నలభై మందికి మా అవ్వ అని చెప్పుకున్నాను. అందువల్ల వెళ్లవద్దని రాద్దామనుకున్నాను. రాశాక చూస్తే, నా పేరు పోతుందని ఆమెను మళ్లీ సొరుగులో పెట్టమన్నట్టు ఉంది. కొట్టేశాను. ఏం చేయమనాలో నాకు తెలియదు.

ఒక సంగతి అర్థం కాలేదు. ఉత్తరువు పంపితే ఆఫీసు వాళ్లు జవాబు అడుగుతారు కదా. అడగలేదా? ఏం జవాబు పోయింది?

శరణ్య

*

చెన్నై,
22 సెప్టెంబరు 1997

చిరంజీవి శరణ్యకు అవ్వ దీవించి రాసేది.

ముందు నీ ప్రశ్నకు జవాబు. టీచరు మనవరాలివే, సరైన చోట వేలు పెట్టావు. ఆఫీసు వాళ్లు అడిగారు. 'సదరు ఉపాధ్యాయిని ఇంటి పరిస్థితుల వల్ల శిక్షణకు అంగీకరించలేదు' అని నా చేత్తో రాసి, ముద్ర వేసి పంపాను. దాని నకలు కూడా ట్రంకులో ఉంది. పోయిన జాబులో సొరుగు దాకా చెప్పి ఆగాను. సిగ్గు కూడా విడతలవారీగా వస్తుందని డెబ్భై ఒకటో ఏట తెలిసింది.

నిన్న ఆదివారం పెరంబూరు వెళ్లాను. మీ నాన్న వెంట వస్తానన్నాడు. ఇది నా ఒక్కదాని పని అన్నాను. ఎప్పటిలాగే మూడో మెట్టు మీద ఉండిపోయాడు.

తలుపు తీసింది జయంతి మొగుడు దేవరాజులు. రైల్వే కార్ఖానాలో చేసి రిటైరయ్యాడు. మనిషి సరదా మనిషి.

"ఏమే, ఎవురొచ్చినారో చూడు! రండి రండి పెద్ద టీచరమ్మా, ఈడ కూసోండి, ఫ్యాను కింద. మీ పేరెత్తకుండా ఈ ఇంట్లో కాఫీ పొయ్యెక్కదు, తెలుసునా? 'మా పెద్ద టీచర్ ఫ్లాస్కు కాఫీ, మా పెద్ద టీచర్ ఫ్లాస్కు కాఫీ' అని పెండ్లైన నాటినుంచీ వింటా ఉండా. పాలు కొనేది నేను, పొడి కొనేది నేను, పేరు మాత్రం మీకు."

నేను నవ్వాను. ఆ నవ్వుకు వేరే నరకం ఉంటుంది.

జయంతి తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. జుట్టు నెరిసింది, జూలైలో ఫారం రాయించినప్పుడు నేను చూడనే లేదు. "ఆటోలోనే వొస్తిరా టీచర్? ఒక మాట చెప్పి పంపుంటే ఈయన్ని బస్టాండుకి పంపుంటానే!" అని పక్కన కూర్చుంది.

నీ ఫారం సంగతి నేను ఎత్తలేదు. ట్రంకు సర్దుతుంటే దొరికిందనీ అనలేదు. దారి పొడుగునా ఆ మాట నోటిదాకా వచ్చింది, మింగేశాను. "జయంతీ, నీది ఒకటి ఇరవై మూడేళ్లుగా నా దగ్గర ఉండిపోయింది. నేనే దాచాను" అని రెండు కాగితాలూ చేతికిచ్చాను.

ఆమె కళ్లజోడు పెట్టుకుని చదివింది. రెండోసారి చదివింది. లెక్కల టీచరు కదా, తేదీ దగ్గర వేలు పెట్టి ఆగింది.

"ఇది నా పేరే గదా టీచర్."

"నీ పేరే."

"రాలేదంటిరి."

"వచ్చింది."

రెండో కాగితం తీసింది. "'అంగీకరించలేదు' అని ఉండాది. ఎవురు అంగీకరించలేదు?"

"నేను."

దేవరాజులుకు ఏమీ అర్థం కాలేదు. ఏదో పాత జీతం బకాయి అనుకున్నట్టున్నాడు. "ఏంది, మంచి సమాచారమేనా? ఉండండి, కాఫీ పెట్టిస్తా. జయంతీ..."

"వొద్దు. టీచర్ తాగరు" అంది జయంతి, కాగితం మీదినుంచి తల ఎత్తకుండానే.

క్షమించమని అడుగుదామని ఇంటినుంచే వాక్యం తయారు చేసుకుని వెళ్లాను, కర్త కర్మ క్రియ అన్నీ సరిచూసుకుని. "పిల్లల చదువు పోతుందని..." అని మొదలుపెట్టాను.

"పిల్లలు బాగానే ఉండారు టీచర్" అంది. అంతే. ఆ వాక్యం మిగతాది నా నోట్లోనే ఉండిపోయింది.

జయంతి లేచి బడి సంచిలోంచి పెన్ను తెచ్చుకుంది. ఆ ఉత్తరువును బల్ల మీద చదునుగా పరిచి, ఎడమ మూలన, అలవాటైన చోట, 'చూశాను' అని రాసింది. కింద సంతకం పెట్టి, '21-9-97' అని వేసింది. మడిచి నాకు తిరిగి ఇచ్చింది.

"ఏళుమలై లేడు గదా. మీరే ఎత్తుకు పోండి" అంది.

ముప్పయ్యో తేదీ మాట నేనెలా ఎత్తుతాను? ఎత్తితే నీ సంగతి బయటపడుతుంది. ఎత్తే అర్హత కూడా లేదు. లేచాను. దేవరాజులు గేటు దాకా వచ్చి, "పరవాలేదు టీచరమ్మా, ఆమెకు ఒంట్లో బాగలేదేమో, మనసులో పెట్టుకోవొద్దండి" అని నాకే సర్దిచెప్పాడు.

ఎన్ని ఇళ్లకు వెళ్లాను శరణ్యా, కాఫీ ఇవ్వని ఇల్లు ఇదొక్కటే. ఈ ఒక్క ఇంట్లోనే నాకు తగిన మర్యాద జరిగింది.

అవ్వ

*

కోయంబత్తూరు,
27 సెప్టెంబరు 1997

అవ్వకు నమస్కారాలు.

నీ జాబు రెండుసార్లు చదివాను.

ఆ జవాబును పుస్తకంలోంచి తీసేశాను. మాట తప్పి ఇంట్లోవాళ్లకు చూపానని బాలకృష్ణన్ సార్‌కు చెప్పాను. ఈసారి ఆయన నవ్వలేదు. ఆయన తిట్టకపోతే ఎంత బరువుగా ఉంటుందో నాకు ఈవేళే తెలిసింది. చప్పట్లు కొట్టిన క్లాసుకు ఏం చెప్పాలో ఇంకా తెలియడం లేదు.

పెద్ద టీచర్లకని వేరే ఫారం ఒకటి ఉంది. మా అవ్వకు ఇది అక్కరలేదులే అని జూలైలో నీకు పంపలేదు. ఇప్పుడు పంపుతున్నాను. నింపడం, నింపకపోవడం నీ ఇష్టం. నేను ఎదురుగా కూర్చోను.

కాఫీ మానవద్దు. నీకు తలనొప్పి వస్తుంది.

శరణ్య

*

చెన్నై,
4 అక్టోబరు 1997

చిరంజీవి శరణ్యకు అవ్వ దీవించి రాసేది.

తలనొప్పి వస్తోంది. రానీ.

నిన్న భువనేశ్వరి వచ్చి గంటసేపు వాపోయింది. జయంతి జిల్లా ఆఫీసుకు ఒప్పుకుంటున్నట్టు రాసి ఇచ్చిందట. భువనేశ్వరి బాధ అది కాదు. కాగితాన్ని బడి ద్వారా పంపకుండా, సోమవారం సెలవు పెట్టి, తానే ఆఫీసుకు పోయి, గుమాస్తా చేతికిచ్చి, అందినట్టు ముద్ర వేయించుకుని వచ్చిందట. "నా మీద నమ్మకం లేదా టీచర్? ముప్పై ఏండ్ల సర్వీసులో ఎన్నడూ ఇట్ల చేసింది లేదు. నేనేం చేస్తినని?" అని కంట నీరు పెట్టుకుంది. ఆమె ఏమీ చేయలేదని నేను చెప్పాను. ఎవరు చేశారో కూడా చెప్పాను. చెప్పులేసుకుని వెళ్లిపోయింది. అలా వెళ్లేవాళ్లు ఇంకా ఎంతమంది ఉన్నారో, ఒక్కొక్కరే రానీ.

జయంతి నాకు ఒక్క మాట చెప్పి పంపలేదు. పంపుతుందని ఎదురుచూసినందుకు ఇంకొంచెం సిగ్గుపడ్డాను.

నీ ఫారం నింపాను. 'మీ హయాంలో టీచర్ల ఎదుగుదలకు మీరు అందించిన తోడ్పాటు' అని అడిగి, నాలుగు గీతలు గీసి వదిలావు. చాలలేదు. వెనక పేజీ, ఆ తర్వాత ఇంకో రెండు కాగితాలు పట్టాయి. సొరుగూ, నా చేత్తో రాసిన జవాబూ, కాఫీ అన్నీ రాశాను. టీచరు పేరు రాయలేదు. పేరు అక్కరలేదని నీ ఫారం చెబుతున్నా, నాది మాత్రం రాశాను, పూర్తిగా, హోదాతో సహా.

నీ క్లాసుకు ఏం చెప్పాలో తెలియడం లేదన్నావు. ఏమీ చెప్పకు. నేను రాసింది ఒక అట్టకు తగిలించి మొదటి బెంచీ నుంచి పంపు. చప్పట్లు కొట్టిన నలభై మందీ, మీ సారూ, చివర నువ్వూ చదివి, ఎడమ మూలన 'చూశాను' అని రాసి సంతకాలు పెట్టాలి. ఒక్కటీ తగ్గకూడదు. అన్నీ పడ్డాక నాకు తిరిగి పంపు.

అవ్వ చెంగమ్మ